డ్రమ్ము అంచున ఎర్రచారలు

నర్సరీల్లో, కాలనీ తోటల్లో కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్‌లో ఫోటోలు పంపుతుంటారు. పసుపెక్కిన ఆకు ఫోటో, దాని కింద ఒకటే ప్రశ్న: "ఏం కొట్టమంటారు అంకుల్?" నేను రాసే జవాబు కూడా ఒకటే. ముందు ఏమీ కొట్టకండి. ఆ మొక్కకు నీళ్లు ఎవరు పోస్తున్నారు, దేంతో పోస్తున్నారు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, అది చెప్పండి.

ముసలాయన చాదస్తం అనుకుంటారు. ఆ చాదస్తం నాకెలా పట్టుకుందో చెప్తాను. ఎవరి పేర్లూ రాయను. కొందరు ఇంకా అదే కాలనీలో ఉన్నారు. ఒకామె అయితే నా ఇంట్లోనే ఉంది.

చంద్రపూర్ జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీకి నేను తోటల సూపర్‌వైజర్‌ని. మా తాతలు బొగ్గు గనుల పనికోసం ఇటు వచ్చారు. ఇక్కడ బడి మరాఠీలో, బజారు హిందీలో నడుస్తాయి. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది సండే స్కూల్లో, బైబిలు వాక్యం చదవడం కోసం. మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. కాలనీలో పాత రిక్రియేషన్ హాలును ఆదివారం పొద్దున ఆరాధనకు వాడుకోమని కంపెనీ వాళ్లు తాళం ఇచ్చారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో చాలా పని పడుతుంది.

ఆ ఏడాది గెస్ట్‌హౌస్ ముందున్న పెద్ద సర్కిల్‌లో పూలమొక్కలు పెట్టాలన్నారు. హెడ్ ఆఫీసు పెద్దలు డిసెంబరులో వస్తున్నారట. ఒక సీజన్‌కే అయిపోయేవి కాకుండా కొన్నేళ్లు నిలిచే మొక్కలు పెడదామని, వాటిని కొనకుండా మనమే విత్తు నుంచి పెంచుదామని కాలనీ చూసుకునే ఆఫీసరుకు చెప్పి ఒప్పించింది నేనే. గెర్బెరా, బిళ్ళగన్నేరు, పెంటాస్. వానలు తగ్గుముఖం పట్టగానే ట్రేలలో విత్తాం. మొలిచిన నారును నల్ల కవర్లలోకి మార్చి, గ్రీన్ నెట్ కింద వరుసలు పేర్చాం. గెర్బెరా విత్తు మొండిది, మొలిచినా ఎదగడానికి ఏడిపిస్తుంది. అలాంటిది ఆ ఏడాది బాగా లేచింది.

నెట్ కింద నారుకు పైపుతో నీళ్లు పెట్టం. ఆ ధాటికి లేత మొక్క పడిపోతుంది. పొద్దున బోరు మోటారు వేసినప్పుడు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నింపుకుని, జల్లు మూత ఉన్న క్యాన్ అందులో ముంచి, వాన పడ్డట్టు పోస్తాం. ఆ పనికి ఒకామె ఉండేది. మరాఠీ మనిషి, మా తెలుగు ఆడవాళ్లతో కలిసి పనిచేసి మా తెలుగే మాట్లాడేది. కోపం వస్తే మాత్రం మరాఠీలోకి వెళ్లిపోయేది. భర్త లేడు. కాంట్రాక్టు కూలి. చేతిలో గేట్‌పాస్ ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

దీపావళి తర్వాత అన్నదమ్ములకు హారతిచ్చే పండుగకు ఆమె పుట్టింటికి వెళ్లాలంది. మొక్కలు లేతగా ఉన్నాయి, వీల్లేదన్నాడు ఆఫీసరు. ఆయన ఉత్తరాది కుర్రవాడు, చెడ్డవాడు కాదు, కానీ ఎప్పుడూ పైనుంచి ఎవరో ఏదో అడుగుతారని భయం. ఆమె నెట్ దగ్గర అందరి ముందూ కొంగు దోపుకుని, "వాళూ దే తుమ్‌చీ ఝాడం!" అంది. మీ చెట్లు ఎండిపోనీ, అని. అని వెళ్లిపోయింది. పండుగ చేసుకుని తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు మళ్లీ క్యాన్ పట్టుకుంది. నేను ఆ వారం నెట్లు కొనడానికి నాగపూర్ వెళ్లి ఉన్నాను. వచ్చాక ఈ గొడవ విని నవ్వుకున్నాను.

నవంబరు మధ్యకల్లా నా నవ్వు ఆగిపోయింది.

మా దగ్గర ఆకు అసలు రంగు చూడాలంటే ముందు వేలితో తుడవాలి. ఫ్యాక్టరీ బట్టీ దుమ్ము, లారీల దుమ్ము కలిసి ప్రతిదాని మీదా తెల్లగా పేరుకుంటాయి. తుడిచి చూశాను. గెర్బెరాల కొత్త ఆకులు నిమ్మపండు రంగులో ఉన్నాయి. బిళ్ళగన్నేరు చిగుళ్లూ అంతే.

పసుపుల్లో తేడాలుంటాయి. అడుగున ఉన్న పాత ఆకులు ముందు పసుపెక్కితే మొక్క ఆకలితో ఉందని అర్థం. ఉన్న కాస్త నత్రజనిని చిగురుకు పంపి ముసలి ఆకును వదిలేస్తుంది. మొక్కంతా వేలాడి పసుపెక్కితే వేరు చూడాలి. నీరు ఎక్కువై కుళ్లిన వేరు గోధుమరంగుకు తిరిగి, లాగితే పైపొర ఊడివస్తుంది. చుక్కలు చుక్కలుగా ఉంటే ఆకు తిప్పి నల్లి కోసం వెతకాలి. ఇక్కడ ఇవేవీ కావు. వేరు తెల్లగా ఉంది, పాత ఆకు పచ్చగా ఉంది. లేత ఆకులో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, వాటి మధ్య అంతా పసుపు. ఇనుము అందడం లేదు.

ఆఫీసరు ఫోన్‌లో మొక్కల రోగాలు చెప్పే యాప్ తెరిచి ఆకు మీద పెట్టాడు. అదీ అదే చెప్పింది. "చూశావా, రెండు సెకన్లలో చెప్పేసింది" అన్నాడు సంతోషంగా. ఇనుము మందు తెప్పించి ఆకుల మీద కొట్టాం. మందు చుక్క పడ్డ చోటల్లా కొన్నాళ్లకు పచ్చటి మచ్చ తేలింది. అంటే రోగం సరిగ్గానే పట్టుకున్నాం. కానీ ఆ తర్వాత వచ్చిన చిగురు మళ్లీ పసుపే.

మేం కవర్లలో వేసింది ఎర్రమట్టి. అందులో ఇనుము లేకపోవడం ఏమిటి? ఉంది, వేరుకు చిక్కడం లేదు. సున్నపు గుణం పెరిగిన మట్టిలో ఇనుము ఉండి కూడా బిగుసుకుపోతుంది. సున్నం ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్యాక్టరీ పక్కన ఉండి ఆ ప్రశ్న అడిగితే ఎవరికైనా తట్టేది ఒక్కటే. వెళ్లి ఆఫీసరుకు చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు.

"దుమ్ము అన్న మాట ఈ గదిలో అన్నారు, సరే. బయట అనకండి. హెడ్ ఆఫీసు వాళ్ల ముందు అసలే అనకండి. వేరే కారణం వెతకండి" అన్నాడు హిందీలో.

వేరే కారణం వెతికే పని నాకు లేకుండా కాలనీయే దాన్ని కనిపెట్టింది.

మహారాష్ట్రలో మార్గశిర గురువారాలు ఆడవాళ్లకు లక్ష్మీదేవి రోజులు. మొదటి గురువారం నీళ్లు పోసే ఆమె పని ముగించి ఇంటికి వెళ్లబోతూ డ్రమ్ము అంచుకు పసుపు రాసిందట. శుక్రవారం పొద్దున్నే పనికి వచ్చిన మా ఆడవాళ్లు కేకలు పెట్టారు. నేను పరుగెత్తి వెళ్లాను. డ్రమ్ము అంచు చుట్టూ ముదురు ఎరుపు చారలు, కిందికి కారి ఎండిపోయి ఉన్నాయి.

"నెత్తురు! డ్రమ్ముకు నెత్తురు పూసింది!"

"ఎవరు?" అన్నాను.

"ఇంకెవరు, గా బాయే. నాడు శాపం వెట్టలే? గిప్పుడు భానామతి జేసింది."

ఆమె అప్పుడే గేటు దాటి వస్తోంది. విషయం అర్థమై, టిఫిన్ డబ్బా కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. "నెత్తురు గాదు కాకా. మీ హళదచ్ లావలీ. పసుపే వెట్టిన. నిన్న గురువారం గదా."

"పసుపు ఎర్రగెట్లయితదే? మాకు కండ్లు లేవనుకున్నవా?" అని ఒకామె విరుచుకుపడింది.

నీళ్లు పోసే ఆమె చారల వైపు చూసి, తన వేళ్ల వైపు చూసుకుంది. ఆ ముఖంలో అబద్ధం దొరికిపోయిన వాళ్ల కంగారు లేదు. తన చెయ్యి తనకే కొత్తగా కనిపించినట్టు భయం ఉంది.

ఈ ప్రాంతంలో భానామతి, అదే చేతబడి, నవ్వుతూ అనే మాట కాదు. ఆ మాట పడ్డ మనిషి చేతి నీళ్లు ఎవరూ తాగరు. నల్లా దగ్గర ఆమె బిందె పక్కకు జరుపుతారు. అంతటితో ఆగకపోవచ్చు కూడా. మధ్యాహ్నానికే ఆ మాట ఆమె ఉండే బస్తీకి చేరిపోయింది.

మా సంఘ పెద్ద కాలనీలోనే ఎలక్ట్రీషియన్. ఆయన నోట ప్రార్థన వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. భానామతి, దిష్టి, చేతబడి అన్నీ అబద్ధాలని, విశ్వాసికి ఏ శక్తీ హాని చేయలేదని ఆయన ఎన్నోసార్లు బోధించాడు. ఆయనే ఆ సాయంత్రం కొందరిని వెంటబెట్టుకుని వచ్చి నర్సరీ చుట్టూ ప్రార్థన చేస్తూ తిరిగాడు. డ్రమ్ముకు మాత్రం బాగా దూరంగా తిరిగాడు. నేను చూశాను.

ఆఫీసరు నన్ను పిలిచాడు. "నెత్తురో పసుపో నాకు అనవసరం. మొక్కలు పాడవ్వాలని ఆమె అందరి ముందూ అంది. పాడయ్యాయి. నీళ్లు పోసేదీ ఆమే. పైవాళ్లకు నేను ఏదో ఒక కారణం రాయాలి. సోమవారం కాంట్రాక్టరు వస్తాడు, ఆమె గేట్‌పాస్ తీసుకుంటాడు. ఆలోపు మీ దగ్గర ఇంకో కారణం ఉంటే రుజువుతో తీసుకురండి. దుమ్ము తప్ప."

శనివారం పొద్దున నేను ఒక్కణ్ణే నెట్ కింద కూర్చున్నాను. మొక్కను అడగడం తప్ప నాకు వేరే దారి లేదు. వరుసలన్నీ మళ్లీ చూశాను. గెర్బెరా పసుపు, బిళ్ళగన్నేరు పసుపు. పక్కనే పెంటాస్ పచ్చగా నవనవలాడుతోంది. ఇన్నాళ్లూ దాన్ని చూసి, పోనీ ఇదైనా బాగుంది అనుకున్నానే తప్ప ఎందుకు బాగుంది అని అడగలేదు. పెంటాస్ సున్నాన్ని ఓర్చుకుంటుంది. అయితే ఇది సున్నమే. కానీ దుమ్మేనా?

లేచి పంపు గది వైపు నడిచాను. మిగిలిపోయిన బిళ్ళగన్నేరు నారు కొంత అక్కడ పైపు కారే చోట గుచ్చి మరిచిపోయాం. అదే విత్తనం, అదే మట్టి. నెట్ లేదు కాబట్టి దుమ్ము మరింత ఎక్కువ. తుడిచి చూశాను. ముదురు పచ్చగా ఉంది.

ఒకే బోరు నీళ్లు. పైపు నుంచి తాగిన మొక్క పచ్చగా ఉంది, డ్రమ్ము నుంచి తాగిన మొక్క పసుపెక్కింది.

ఆమె పంపు గది నీడలో ఒక్కతే కూర్చుని ఉంది. మిగతావాళ్లు ఆమెను క్యాన్ ముట్టనివ్వడం లేదు. "బాయీ, నీ దగ్గర పసుపుందా?" అని అడిగాను.

"ఉన్నది. నువ్వు గూడ నమ్మవా కాకా?"

"నమ్మేటందుకే అడుగుతున్న."

కొంగు ముడిలోంచి కాగితం పొట్లం తీసింది. చిటికెడు నా అరచేతిలో వేసుకుని పైపు నీళ్లు పట్టాను. పసుపు పసుపుగానే ఉంది. చెయ్యి కడుక్కుని డ్రమ్ము దగ్గరికి వెళ్లాను. ఆమె వెనకే వచ్చి దూరంగా నిలబడింది. మళ్లీ చిటికెడు వేసుకుని ఈసారి డ్రమ్ము నీళ్లు పోసుకున్నాను. చూస్తుండగానే అరచెయ్యి ఎర్రబడింది.

"అరే దేవా!" అని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"భయపడకు. గిది సున్నం. పసుపుల సున్నం గలిస్తె ఎర్రగనే అయితది. అంచుకు చిందిన నీళ్లల్ల గూడ గిదే ఉన్నది. నువ్వేం తప్పు జెయ్యలే."

చొక్కా చెయ్యి పైకి మడిచి డ్రమ్ములో భుజం దాకా దించాను. అడుగున వెన్నలా మెత్తగా ఏదో తగిలింది. పిడికిట్లో పట్టి పైకి తెస్తే తెల్లటి సున్నం ముద్ద. నీళ్లు పైపైన ముంచుకునే వాళ్లకు అది కనపడే వీల్లేదు. క్యాన్ మీద, కవర్ల అంచుల మీద కాస్త తెల్లగా ఉన్నా మా ఊళ్లో తెలుపును ఎవరు పట్టించుకుంటారు?

"ఎవరేసిండ్రు కాకా?" అంది. నాకు నిజంగా తెలియదు. తెలుసుకుంటానన్నాను.

తెలుసుకోవడానికి దూరం పోవలసిన అవసరం లేకపోయింది. భోజనానికి ఇంటికి వెళ్తే, గడపలోనే నా భార్య నా చేతికి ఎండిన తెలుపు చూసి, "అయ్యో, డ్రమ్ముల చెయ్యి వెట్టినవా? జర నూనె రాసుకో, సున్నానికి చర్మం పగులుతది" అంది.

నేను చెప్పు విప్పబోయి ఆగిపోయాను. "డ్రమ్ముల సున్నమున్నదని నీకెట్ల తెలుసు?"

"మేమే ఏసినం గదా."

మా తెలుగు సంఘాల సంగతి తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ ఉంటుంది. పోయిన వాళ్ల సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పునరుత్థానం గురించి పాడుకుంటాం. సున్నం కొట్టే పని మా స్త్రీల సమాజానిది, దానికి పెద్ద నా భార్య. ఆ ఏడాది సున్నం నానబెట్టడానికి పెద్ద పాత్ర దొరకలేదు. నేను నాగపూర్‌లో ఉన్నాను, నీళ్లు పోసే ఆమె పుట్టింట్లో ఉంది. "మా ఆయన నర్సరీయే కదా" అని నా భార్య వాళ్లు నీలం డ్రమ్ము తోపుడు బండి మీద పట్టుకుపోయారు. పని అయ్యాక తెచ్చి మళ్లీ అక్కడే పెట్టారు.

"అడుగుకు మిగిలింది పారబోయ బుద్ధి గాలే" అంది నా భార్య. "సున్నముంటే దోమలు గుడ్లు వెట్టవని ఉంచినం. డెంగీ అని కాలనీల మైకు వట్టుకొని తిరిగిండ్రు గదా. నీళ్లల్ల పురుగు గనవడితె మీ సారే లొల్లి వెడుతుండె. నీకు మేలు జేసినమనుకున్నం."

"నాకొక్క మాట జెప్తె ఏంబోయేది?"

"తెచ్చిన డ్రమ్ము తెచ్చినకాడ వెట్టినం. జెప్పేటందుకు ఏమున్నది?"

అని కూర వడ్డించబోయి, ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. శుక్రవారం కేకలు వేసిన వాళ్లలో ఆమె లేదు కానీ, విని నమ్మిన వాళ్లలో ఉంది. గరిటె గిన్నెలో పెట్టి, నేల మీద కూలబడింది. "గా బాయి పని మా సున్నానికి పోతుందా?" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దకు చెప్పాం. ఆయన విన్నాడు. హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, బాయి తప్పు లేదని జెప్పు. మంచిదే. సున్నం యాడికెల్లి వచ్చిందో మాత్రం తెల్వదను."

"సారు రుజువు అడిగిండన్నా. ఎవరేసిండ్రని అడుగుతడు. తెల్వదంటె మళ్ల ఆమె మీదనే వేస్తడు."

"గీ హాలు సంగతి యాది జేస్కో. కంపెనీ డ్రమ్ము అడగకుంట తీస్కపోయినం. కంపెనీ మొక్కలు ఖరాబు జేసినం. తాళం గుంజుకోనీకి ఆయనకు ఒక్క మాట చాలు. మన పెండ్లిండ్లు, మన ప్రార్థనలు అన్నీ గీడనే. ఒక్క మనిషి పని కోసం సంఘమంత రోడ్డు మీద పడాల్నా?"

ఆయన ప్రేమతోనే అన్నాడు, అది నాకు తెలుసు. ఆ హాల్లో కరెంటు తీగ ప్రతిదీ ఆయన తన చేతులతో లాగాడు. కానీ జనమంతా నిలవాలంటే ఒక్క మనిషి పోతే మేలన్న ఆలోచన లేఖనంలో ప్రధాన యాజకుడిదని, అది ప్రభువును సిలువకు పంపిందని మాకు నేర్పింది కూడా ఆయనే. నేను నోరు తెరిచేలోపే నా భార్య తెరిచింది.

"అన్నా, సున్నం గొట్టిన సమాధులని ప్రభువు ఎవరినన్నడో నువ్వు జెప్తెనే మేం నేర్చుకున్నం."

ప్రభువు ఆ మాట అన్నది పైకి భక్తి చూపే వేషధారులను. సంఘ పెద్ద ముఖం కందిపోయింది. స్విచ్‌లన్నీ ఆర్పి, తాళం వేసి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ప్రార్థన చేశాను. నాకు భయంగా ఉంది. నా భార్యను అందరి ముందూ దోషిగా నిలబెట్టాలి. సంఘం మొత్తం నన్ను చూసి ముఖం తిప్పుకుంటుంది. ఏదైనా మధ్యే మార్గం చూపించమని దేవుణ్ణి అడిగాను. ఆయన కొత్తగా ఏమీ చెప్పలేదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం గురించి చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టించిన ఆజ్ఞే మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చింది.

సోమవారం ఆఫీసు వరండాలో కాంట్రాక్టరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె గోడకు ఆనుకుని, గేట్‌పాస్ చేతిలో పట్టుకుని నిలబడింది. పని మానేసి వచ్చిన ఆడవాళ్లు మెట్ల కింద గుంపుగా ఉన్నారు. వరండాలో ట్యూబ్‌లైటు మార్చే నెపంతో సంఘ పెద్ద నిచ్చెన వేసుకుని ఉన్నాడు. ట్యూబ్‌లైటు మార్చడం అయిపోయినా ఆయన దిగలేదు.

ఆఫీసరు బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో పైపు నీళ్లు, ఒకదాంట్లో డ్రమ్ము నీళ్లు. పసుపు పొట్లం ఆమెనే అడిగి తీసుకున్నాను. మొదటి గ్లాసులో వేసి కలిపాను, పసుపు రంగు. రెండోదాంట్లో వేశాను. స్పూను తిప్పుతుండగానే నీళ్లు ఎర్రగా తిరిగాయి. మెట్ల దగ్గర ఎవరో "ఓ ప్రభువా" అన్నారు.

పెంటాస్ సంగతి, పంపు గది దగ్గర బిళ్ళగన్నేరు సంగతి చెప్పాను. ఆఫీసరు ఎర్ర గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. తెలివైనవాడు, రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది.

"సున్నం. సరే. డ్రమ్ములో సున్నం ఎవరు వేశారు?"

నిచ్చెన మీద మనిషి కదిలినట్టు తెలిసింది. నేను అటు చూడలేదు.

"మా సంఘం ఆడవాళ్లు సార్. సమాధులకు కొట్టడానికి నానబెట్టి, మిగిలింది అందులో వదిలేశారు. దోమలు రాకుండా ఉంటుందని. అందులో నా భార్య కూడా ఉంది. ఈమెకు ఏమీ తెలియదు."

"కంపెనీ డ్రమ్ము?"

"అవును సార్."

"ఎవరిని అడిగి?"

"ఎవరినీ అడగలేదు సార్."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత కాంట్రాక్టరు వైపు తిరిగి, "ఆమె పాస్ ఆమె దగ్గరే ఉండనివ్వు" అన్నాడు. వెంటనే నా వైపు తిరిగి, "హాలు తాళం సాయంత్రంలోగా నా బల్ల మీద ఉండాలి" అన్నాడు. నిచ్చెన మీద ఆయన కళ్లు మూసుకున్నాడు.

మొక్కల సంగతి ఇక్కడే ముగిస్తాను. డ్రమ్ము కడిగాం, గెర్బెరాలకూ బిళ్ళగన్నేరుకూ కవర్లలో మట్టి మార్చాం. పసుపెక్కిన ఆకులు మళ్లీ పచ్చబడలేదు. అవి పచ్చబడవు, వాటికోసం ఎదురుచూడకండి. చిగురును చూడండి. చిగురు పచ్చగా వచ్చింది. హెడ్ ఆఫీసు వాళ్లు వచ్చేనాటికి పెంటాస్‌ను ముందు వరుసలో పెట్టి గెర్బెరాలను వెనక దాచాం. పెద్దలు కారు దిగకుండానే సర్కిల్ చుట్టూ ఒకసారి తిరిగి భోజనానికి వెళ్లిపోయారు. ఇంత చేసింది అందుకు. హాలు మాత్రం మళ్లీ మా చేతికి రాలేదు. ఆ చలికాలమంతా ఒకరి పెరట్లో టార్పాలిన్ కింద ఆరాధన చేశాం. కొందరు నాతో చేతులు కలపడం మానేశారు.

అయితే ఆ సోమవారం పని అంతటితో అయిపోలేదు. అయిపోయిందనే అనుకుని నేను వరండా మెట్లు దిగుతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. దండం పెడుతుందేమో, వద్దని చెప్పాలి అనుకుంటూ తిరిగాను. ఆమె ముఖంలో కృతజ్ఞత లాంటిదేమీ లేదు.

"ఆఫీసుల జెప్పినవ్ కాకా. మా నల్లా కాడ ఎవరు జెప్తరు?"

ఏం జరుగుతోందో ఆమే చెప్పింది. శుక్రవారం నుంచి బస్తీలో నల్లా దగ్గర ఆమె వస్తే అందరూ బిందెలు ఎత్తుకుని పక్కకు పోతున్నారట. పక్కింటి ముసలమ్మకు రోజూ నీళ్లు పట్టిచ్చేది ఆమే. ఆ ముసలమ్మ కూడా వద్దని తలుపు వేసుకుందట. "పాస్ ఉన్నా, పని ఉన్నా, నేను ఉండేది గాడ గదా" అంది.

ఇంటికి వెళ్లి నా భార్యకు ఆ మాట చెప్పాను. ఆమె చెప్పులు వేసుకుని, స్త్రీల సమాజం ఇళ్లన్నీ తిరిగి వచ్చింది.

మంగళవారం పొద్దున నల్లా వచ్చే వేళకు మేం ఆ బస్తీకి వెళ్లాం. వచ్చిన వాళ్లు ఎక్కువ మంది లేరు. సంఘ పెద్ద వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు, ఎందుకు వచ్చావని అడగనూ లేదు. తాళం ఇచ్చి వచ్చిన చేతులు వెనక్కి కట్టుకుని అందరికంటే వెనక నిలబడ్డాడు.

నా భార్య నల్లా గట్టు పక్కన నిలబడి, తనకు వచ్చిన మరాఠీలో చెప్పింది. సున్నం మాది, డ్రమ్ము మేం తీసుకెళ్లాం, చెప్పకుండా వదిలేశాం, ఎరుపు నెత్తురు కాదు, ఈమె తప్పు అణువంత లేదు, తప్పు మాది. బస్తీ ఆడవాళ్లు విన్నారు. బిందెలు ఎవరి బిందెలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మాటలతో వచ్చిన మచ్చ మాటలతో పోదని నాకప్పుడే అర్థమైంది. ఆ పక్కింటి ముసలమ్మ తలుపు సందులోంచి అంది, "అంత నమ్మకమైతే తిచ్యా హాతచం పాణీ ప్యా." దాని చేతి నీళ్లు తాగండి మరి, అని.

నా భార్య వెనక్కి తిరిగి చూడలేదు. ముందుకు వెళ్లి నీళ్లు పోసే ఆమె ఎదురుగా వంగి దోసిలి పట్టింది. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, తన బిందెలోంచి చెంబు ముంచి పోసింది. నా భార్య తాగి, తడి చేత్తో ముఖం తుడుచుకుని, పక్కకు జరిగింది. తర్వాత మా ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు తాగారు. శుక్రవారం నెత్తురని అరిచినామె కూడా కళ్లు మూసుకుని తాగింది. నేనూ తాగాను. చల్లటి మామూలు నీళ్లు.

అందరూ అయ్యాక సంఘ పెద్ద ముందుకు వచ్చాడు. అంత పొడవైన మనిషి, వంగి దోసిలి పట్టాడు. వేళ్లు సరిగ్గా కలవలేదు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారి దుమ్ములో పడుతున్నాయి. ఆమె చెంబు ఆపింది. ఆయన ముఖంలోకి చూసి, ఆ అయిదు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"దోసిలి గట్టిగ వట్టు దాదా" అంది, "నీళ్లన్ని వోతున్నయ్." ఆయన వేళ్లు దగ్గరికి చేర్చి పట్టేదాకా ఆగి, మళ్లీ పోసింది.